జాకిర్ హుసేన్: తాలీమ్‌లో తర్బియత్ వెదికిన ఉస్తాద్



తాలీమ్, తర్బియత్ అనే రెండు మాటలు మన ఇళ్లలో ఎప్పుడూ జంటగానే వినిపిస్తాయి. తాలీమ్ అంటే చదువు. తర్బియత్ అంటే ఆ చదివే బిడ్డను మనిషిగా పెంచడం. నోటి మాటలో జంటగా ఉండే ఈ రెండూ బడి గడప దగ్గరకు వచ్చేసరికి విడిపోతాయి. చదువు బడివాళ్ల బాధ్యత, నడవడి ఇంటివాళ్ల బాధ్యత అని మనం పంచేసుకుంటాం. తీరా చూస్తే బడిలో సిలబస్ పూర్తిచేసే తొందర, ఇంట్లో బతుకు తెరువు తొందర. మధ్యలో బిడ్డ నడవడి ఎవరికీ పట్టని సంగతి అవుతుంది.

మా సోమందేపల్లె సంగతే చూడండి. దేశంలో అతి తక్కువ వానలు కురిసే ప్రాంతాల్లో మాది ఒకటి. వేరుశనగ చేను ఎండిన ఏడాది తల్లిదండ్రులు బెంగళూరు కూలి పనులకు బండెక్కుతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గరో, హాస్టళ్లలోనో మిగులుతారు. ఊళ్లోనే ఉండి మగ్గం నేసే ఇళ్లలోనూ తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా పడుగూ పేకలతోనే సరి. బిడ్డ బడిలో ఎవరిని ఏడిపించాడు, ఎవరికి తోడు నిలిచాడు అని అడిగేంత తీరిక ఏ తండ్రికి ఉంది? మార్కులెన్ని వచ్చాయని అడగడంతోనే సరిపోతోంది. తప్పు వారిదని మేము అనడం లేదు. కరువు మనిషి దగ్గర మొదట లాక్కునేది తీరికనే.

ఈ మధ్య విద్యావేత్తలు నైతిక ప్రజ్ఞ అనే మాట వాడుతున్నారు. 1997లో అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ కోల్స్ ఈ పేరుతోనే పిల్లల గురించి ఒక పుస్తకం రాశారు. 2001లో మిషెల్ బోర్బా అనే విద్యావేత్త దాన్నే ఏడు గుణాలుగా విడదీసి చెప్పారు. ఎదుటివారి బాధ తెలుసుకోవడం, అంతరాత్మ మాట వినడం, తనను తాను అదుపులో ఉంచుకోవడం, మర్యాద, దయ, సహనం, న్యాయం అన్నవే ఆ ఏడూ. పేరు కొత్తదే గాని సరుకు పాతదే. మన పెద్దలు దీన్నే అఖ్లాఖ్ అన్నారు. అయితే దీన్ని బడిలో నేర్పడం సాధ్యమా, సాధ్యమైతే ఎలా అన్నదే అసలు ప్రశ్న. గోడ మీద సూక్తులు రాయిస్తే వస్తుందా? వారానికొక నీతి పాఠం పెట్టి, పరీక్ష పెట్టి, మార్కులు వేస్తే వస్తుందా?

ఈ ప్రశ్నతో 22 ఏళ్లు కాపురం చేసిన ఒక ఉస్తాద్ జీవితాన్ని ఈ నెల మీ ముందుంచుతున్నాము. ఆయన మర్హూమ్ డాక్టర్ జాకిర్ హుసేన్. భారతదేశానికి మూడో రాష్ట్రపతిగా, తొలి ముస్లిం రాష్ట్రపతిగా ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంగా మిగిలింది. రాష్ట్రపతి భవనంలో ఆయన ఉన్నది రెండేళ్లకు కాస్త తక్కువ. పిల్లల బడిలో గడిపింది రెండు దశాబ్దాల పైమాటే. మేము చెప్పదలచింది ఆ రెండో సంగతి.

హైదరాబాద్‌లో పుట్టి...

జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో జన్మించారు. వారిది ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్‌కు చెందిన పఠాన్ కుటుంబం. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ నిజాం రాజధానికి వలస వచ్చి న్యాయవాదిగా బాగా స్థిరపడ్డారు. ఏడుగురు అన్నదమ్ముల్లో జాకిర్ మూడోవారు. పదేళ్ల వయసులో, 1907లో తండ్రి కన్నుమూశారు. తల్లి నాజ్నీన్ బేగం పిల్లలను తీసుకుని ఖాయంగంజ్ చేరుకున్నారు. 1911లో ప్లేగు ఆ ఇంటి మీద పడి ఆమెనూ తీసుకుపోయింది. అప్పటికి జాకిర్‌కు 14 ఏళ్లు.

అనాథ అయిన ఆ అబ్బాయిని పెంచింది ఒక విధంగా బడే. ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్ హాస్టల్లో ఆయన చదువుకున్నారు. అక్కడి హెడ్‌మాస్టర్ సయ్యద్ అల్తాఫ్ హుసేన్ నిరాడంబరుడు, నిష్ఠాపరుడు. ఆ ఉస్తాద్ నడవడి జాకిర్ మనసులో చెరగని ముద్ర వేసింది. పుస్తకాల మోతతో ఊరూరా తిరిగే హసన్ షా అనే ఒక సూఫీ పెద్దమనిషి కూడా ఈ కుర్రవాడిని చేరదీశారు. తల్లిదండ్రులు లేని పిల్లవాడికి ఒక పెద్దమనిషి దొరికితే ఏమవుతుందో జాకిర్‌కు పుస్తకాలు చెప్పలేదు, తన బాల్యమే చెప్పింది. తర్వాతి జీవితంలో ఆయన ఉస్తాద్ గురించి ఏమి మాట్లాడినా దాని వేరు ఇక్కడే ఉందని మేము అనుకుంటున్నాము.

1913లో ఆయన అలీగఢ్ వెళ్లారు. అది అప్పట్లో సర్ సయ్యద్ స్థాపించిన ఎం.ఏ.ఓ. కాలేజీ. డాక్టరు చదువు కోసం లక్నో వెళ్లినా అనారోగ్యం వల్ల అది సాగలేదు. తిరిగి అలీగఢ్ చేరి ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం పట్టారు. మంచి వక్త, చమత్కారి, తోటివారికి ఇష్టుడు. ఆ దారినే పోతే పెద్ద ఉద్యోగం ఖాయం.

ఎగతాళి విన్న సాయంత్రం

1920 అక్టోబర్ 12. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాల రోజులు. గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, ఆంగ్ల ప్రభుత్వ సహాయంతో నడిచే చదువును వదిలి రమ్మని విద్యార్థులను అడిగారు. ఆ రోజు జాకిర్ హుసేన్ డాక్టరును చూడడానికి ఢిల్లీ వెళ్లి ఉన్నారు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి తోటి విద్యార్థులు కొందరు ఆ పెద్దల ప్రసంగాలను, మాట తీరును అనుకరిస్తూ పగలబడి నవ్వుతున్నారట. ఆ నవ్వు ఆయనకు ముల్లులా గుచ్చుకున్నదని ఆయన జీవితచరిత్ర రాసినవారు చెబుతారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ కుర్రవాళ్లంతా దేశంలోనే పేరున్న కాలేజీలో చదువుతున్నవారు. ఇంగ్లీషు, తర్కం, చరిత్ర అన్నీ వచ్చినవారు. ఒక గొప్ప ప్రశ్న తమ ముందుకు వస్తే దాన్ని ఎదుర్కోకుండా ఎగతాళి వెనుక దాక్కున్నారు. తెలివికీ వివేకానికీ మధ్య ఉన్న ఈ ఎడమే నైతిక ప్రజ్ఞ చర్చకంతటికీ మూలం. జాకిర్ హుసేన్ ఆ ఎడాన్ని 23 ఏళ్ల వయసులో కళ్లారా చూశారు.

ఆ తర్వాత జరిగినదంతా త్వరత్వరగా జరిగింది. కాలేజీ వదిలిన విద్యార్థులు, ఉపాధ్యాయులు కొందరు కలిసి సొంతంగా ఒక విద్యాసంస్థ పెట్టారు. 1920 అక్టోబర్ 29న మౌలానా మహ్మూద్ హసన్ అలీగఢ్‌లోనే దానికి ప్రారంభం చేశారు. అదే జామియా మిల్లియా ఇస్లామియా. డేరాలలో, అద్దె ఇళ్లలో నడిచింది. హకీం అజ్మల్ ఖాన్ దాని తొలి ఛాన్సలర్, మౌలానా ముహమ్మద్ అలీ తొలి వైస్ ఛాన్సలర్.

1922లో జాకిర్ పై చదువులకు జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో ప్రఖ్యాత ఆర్థికవేత్త వెర్నర్ జోంబార్ట్ వద్ద పరిశోధన చేసి, భారతదేశంలో ఆంగ్లేయుల వ్యవసాయ విధానం మీద డాక్టరేట్ పొందారు. పరిశోధన ఒక ఎత్తు, అక్కడి బడులు ఆయనకు చూపినది మరో ఎత్తు. మ్యూనిక్‌లో గియోర్గ్ కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త పుస్తకాల బడికి బదులు పని బడి అనే భావన తెచ్చారు. పిల్లవాడు చెక్కతో ఒక గూడు చేస్తాడనుకుందాం. కొలత తప్పితే చెక్క అబద్ధం చెప్పదు, అతుకు కుదరదు. ఎవరూ తిట్టకుండానే పిల్లవాడికి తన తప్పు తెలుస్తుంది. ఓపిక, నిజాయితీ, పక్కవాడితో సర్దుకుపోవడం పని చేతుల్లోంచే మనసులోకి ఎక్కుతాయి. ఈ ఆలోచన జాకిర్ హుసేన్‌ను జీవితాంతం వదలలేదు. సాహిత్యమంటే కూడా ఆయనకు ప్రాణం. బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ దీవాన్‌ను అచ్చు వేయించారు. అక్షరాల కూర్పులో తానే చేయి కలిపారు కూడా.

మూతపడబోయిన బడి

ఇంతలో ఇక్కడ జామియా పరిస్థితి దయనీయమైంది. 1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దయింది. దానితో ఉద్యమమూ, విరాళాలూ ఆగిపోయాయి. సంస్థను మూసేద్దామనే మాట వచ్చింది. బెర్లిన్‌లో ఉన్న జాకిర్ హుసేన్, ఆయన మిత్రులు డాక్టర్ ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్ ఈ సంగతి విని, తాము వచ్చి జీవితం అంకితం చేస్తామని, మూయవద్దని కబురు పంపారు. 1925లో సంస్థ అలీగఢ్ నుంచి ఢిల్లీ కరోల్‌బాగ్‌కు మారింది. 1926లో ముగ్గురు మిత్రులూ తిరిగి వచ్చారు. 29 ఏళ్ల జాకిర్ హుసేన్ వైస్ ఛాన్సలర్ అయ్యారు. జామియాలో ఆ పదవిని షేఖుల్ జామియా అంటారు.

పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టే ఉండేది అప్పటి పరిస్థితి. 1927 డిసెంబర్‌లో హకీం అజ్మల్ ఖాన్ మరణించడంతో ఉన్న ఆధారమూ పోయింది. 1928లో జాకిర్ హుసేన్, ఆయన సహచరులు ఒక సంఘంగా ఏర్పడి, నెలకు 150 రూపాయలకు మించని జీతంతో 20 ఏళ్లు పనిచేస్తామని ప్రతిజ్ఞ తీసుకున్నారు. ఆ జీతమైనా నెల నెలా వచ్చేది కాదు. జాకిర్ హుసేన్ తీసుకున్నది అందులో సగం దాకా మాత్రమే. ఐరోపాలో డాక్టరేట్ పొందినవారికి ఎక్కడికి వెళ్లినా పెద్ద ఉద్యోగం దొరికే కాలమది. ఇంట్లో ఆయన సతీమణి షాజహాన్ బేగం ఆ చాలీచాలని డబ్బుతో సంసారం ఎలా నెట్టుకొచ్చారో ఆ తల్లికే తెలుసు. గొప్పవారి జీవితచరిత్రల్లో ఇంటి ఇల్లాలి కష్టానికి ఒక వాక్యమే దక్కుతుంది. మేమూ ఒక వాక్యంతోనే సరిపెడుతున్నందుకు బాధగానే ఉంది.

డబ్బు కోసం ఆయన పెద్దల గడపలూ తొక్కారు, సామాన్యుల నుంచి చిన్న చిన్న విరాళాలూ పోగుచేశారు. జామియాకు సానుభూతిపరుల సంఘం ఒకటి పెట్టి ఊరూరా సభ్యులను చేర్చారు. ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఆ బడి పిల్లలు నేర్చుకున్న మొదటి నీతిపాఠం ఏ పుస్తకంలోనూ లేదు. తమ ఉస్తాదులు అంతకంటె ఎక్కువ సంపాదించగలిగీ తమ కోసం ఇక్కడ ఉన్నారని వారు రోజూ చూశారు.

పిల్లల బ్యాంకు, పిల్లల దుకాణం

జామియాలో ఒకటో తరగతి నుంచి కాలేజీ దాకా ఉండేవి. అందులో జాకిర్ హుసేన్ అత్యంత ప్రేమతో చూసింది ప్రాథమిక పాఠశాలను. అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ వంటి ఉపాధ్యాయులు అక్కడ పనుల ద్వారా పాఠాలు చెప్పే పద్ధతి నడిపారు. పిల్లలకు సొంత బ్యాంకు ఉండేది, సొంత దుకాణం ఉండేది. లెక్క రాసేదీ, సరుకు అమ్మేదీ పిల్లలే.

దీని లోతు కాస్త ఆలోచించండి. నిజాయితీగా ఉండాలి అని వందసార్లు చెప్పించుకున్న పిల్లవాడి చేతికి నిజమైన పైసలు, నిజమైన లెక్క పుస్తకం ఇచ్చినప్పుడే నిజాయితీ అంటే ఏమిటో తెలుస్తుంది. నాలుగణాలు తక్కువ వస్తే అది ఎక్కడ పోయిందో తోటి పిల్లలకు జవాబు చెప్పాలి. స్నేహితుడు అప్పు అడిగితే స్నేహం చూడాలా, అందరి సొమ్ము చూడాలా తేల్చుకోవాలి. అమానత్ అనే మాటకు అర్థం మదర్సాలో కంఠస్థం చేయించవచ్చు. దాని బరువు మాత్రం భుజం మీద పెడితేనే తెలుస్తుంది. పిల్లలకు బాధ్యత ఇస్తే పాడుచేస్తారని మనం భయపడతాం. జాకిర్ హుసేన్ భయపడలేదు. పాడుచేసి, సరిదిద్దుకునే అవకాశం లేని చోట నైతిక వివేకం పెరగదని ఆయన నమ్మకం.

1935 మార్చి 1న యమునా తీరంలోని ఓఖ్లాలో జామియా కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. మంత్రులు, నవాబులు, నాయకులు ఎవరు వచ్చినా వస్తారు గదా! కాని పునాది రాయి వేయించింది బడిలోని అందరికంటె చిన్న పిల్లవాడితో. అతని పేరు అబ్దుల్ అజీజ్. ఈ రోజు మన ఊళ్లలో బడికి ఒక గది కట్టినా శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలని తగవులు పడుతుంటాం. ఆ పిల్లవాడి చేత రాయి వేయించడంలో ఈ బడి ఎవరిదో పిల్లలందరికీ అర్థమైంది.

జామియాలో అందరూ చెప్పుకునే మరో సంఘటన ఉంది. విద్యార్థులు శుభ్రమైన దుస్తులతో, తుడిచిన బూట్లతో రావాలని షేఖుల్ జామియా కోరారు. ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఉదయం విద్యార్థులు వచ్చేసరికి ద్వారం దగ్గర వైస్ ఛాన్సలర్ బ్రష్షు, పాలిష్ పట్టుకుని కూర్చుని ఉన్నారు. వచ్చినవారి బూట్లు తుడవడానికి సిద్ధంగా! సిగ్గుతో తల దించుకున్న విద్యార్థులు మరునాటి నుంచి మారిపోయారట. ఈ కథ చాలా మంది చెబుతారు గాని దీన్ని విని చాలా మంది తప్పు పాఠం తీసుకుంటారని మా అభిప్రాయం. పిల్లలను సిగ్గుపడేలా చేయడం ఒక ఉపాయమని అనుకుంటారు. అలా చేసి చూసిన ఉపాధ్యాయులూ ఉంటారు, పిల్లలు వెనకాల నవ్వుకుంటారు. ఆయన అలా చేస్తే ఫలించింది ఎందుకంటే అంతకు ముందే ఎన్నో ఏళ్లుగా ఆయన ఆ పిల్లల కోసం తక్కువ జీతానికి పనిచేస్తూ ఉన్నారు. ఆ బ్రష్షు వెనుక ఒక జీవితం ఉంది.

గుండె కోత

ఇప్పుడు చెప్పబోయే సంగతి చెప్పాలా వద్దా అని మాలో మేము చర్చించుకున్నాము. ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు మిఠాయిలు పంచే కార్యక్రమం జరుగుతోంది. జాకిర్ హుసేన్ స్వయంగా పంచుతున్నారు. ఆయన చిన్నారి కుమార్తె రెహానాకు ఒంట్లో బాగాలేదని మనిషి వచ్చి చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. కాసేపటికి ఆ బిడ్డ ఇక లేదని కబురు వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది, చేయి మాత్రం ఆగలేదు. కార్యక్రమం ముగిశాకే ఇంటికి వెళ్లారు. పిల్లలందరూ ఎంతో సంతోషంగా ఉన్నారని, వారి ఆనందాన్ని చెడగొట్టడానికి మనసొప్పలేదని తర్వాత చెప్పారట. ఆ తర్వాత చాలా రోజులు ఉదయం లేచేసరికి ఆయన దిండు తడిసి ఉండేదని ఇంటివారు చెప్పారు.

ఈ సంఘటనను త్యాగానికి పరాకాష్ఠగా చాలా చోట్ల రాస్తారు. మేము అంత సులువుగా రాయలేకపోతున్నాము. ఇంట్లో బిడ్డ పక్కన ఆ తల్లి ఒంటరిగా ఉంది. ఆమెకు ఆ గంటలో భర్త కావాలి. పరాయి పిల్లల నవ్వు కోసం తన ఇంటి ఏడుపును వాయిదా వేయడం ఒప్పా, తప్పా? మంచికీ చెడుకీ మధ్య ఎంచుకోవడం ఎవరికైనా తెలుసు. రెండు మంచి బాధ్యతల మధ్య ఎంచుకోవలసి వచ్చినప్పుడే వివేకానికి అసలు పరీక్ష. ఆయన ఒకటి ఎంచుకున్నారు, దాని ఖరీదు రాత్రిళ్లు చెల్లించారు. తర్వాతి కాలంలో ఆయన పిల్లల కోసం చక్కని ఉర్దూ కథలు రాసినప్పుడు తన పేరు పెట్టుకోలేదు. రుఖయ్యా రెహానా అనే పేరుతో ప్రకటించారు. పోయిన కూతురి పేరది. స్వేచ్ఛ కోసం కొండెక్కి తోడేలుతో రాత్రంతా పోరాడిన మేక కథ ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ వాటిలో ప్రసిద్ధమైనది.

ఆపాజాన్

పిల్లలకు తమవారు కాని వారితో కలిసి బతకడం నేర్పాలని ఉపన్యాసాలు ఇస్తుంటాం. జామియా ఆ పని ఎలా చేసిందో గెర్డా ఫిలిప్స్‌బోర్న్ జీవితం చెబుతుంది. ఆమె జర్మనీకి చెందిన యూదు మహిళ. బెర్లిన్‌లో ముగ్గురు మిత్రులకూ పరిచయం. 1930ల ఆరంభంలో ఆమె ఢిల్లీ వచ్చి జామియా చిన్న పిల్లల బడిలో, హాస్టల్లో పనిచేశారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ దేశస్తురాలని ప్రభుత్వం ఆమెను కొంతకాలం నిర్బంధించింది. విడుదలై మళ్లీ జామియాకే వచ్చారు. 1943లో కేన్సర్‌తో మరణించారు. ఆమెను ఖననం చేసింది జామియా శ్మశానవాటికలోనే. తల్లికి దూరంగా హాస్టల్లో ఉన్న ముస్లిం పిల్లవాడికి జ్వరం వస్తే తలపై చేయి వేసింది ఒక యూదు స్త్రీ. మతసామరస్యం గురించి అతనికి వేరే పాఠం అవసరమా?

వార్ధా పథకం

1937 అక్టోబర్‌లో వార్ధాలో జాతీయ విద్యా మహాసభ జరిగింది. పిల్లలకు చేతిపని కేంద్రంగా చదువు చెప్పాలని గాంధీజీ ప్రతిపాదించారు. పథకం రూపొందించే సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుసేన్. డిసెంబర్‌లోనే నివేదిక సిద్ధమైంది. 7 నుంచి 14 ఏళ్ల వయసు వరకు ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, నూలు వడకడం, నేత, వ్యవసాయం, వడ్రంగం వంటి ఒక పని చుట్టూ మిగతా పాఠాలు అల్లడం దాని సారాంశం. దీనికే నయీ తాలీమ్ అని పేరు. 1938లో ఏర్పడిన హిందుస్తానీ తాలీమీ సంఘ్‌కు ఆయన పదేళ్లు అధ్యక్షులుగా ఉన్నారు.

పిల్లలు తయారుచేసిన సరుకు అమ్మి బడి ఖర్చు వెళ్లదీయవచ్చన్న ఆశ గాంధీజీకి ఉండేది. ఆ ఆర్థిక కోణం మీద అతిగా పట్టు పడితే బడి కాస్తా కార్ఖానాగా మారుతుందని జాకిర్ హుసేన్ సంఘం నివేదికలోనే హెచ్చరించింది. ప్రతి పనీ చదువు కాదన్నది ఆయన నిశ్చితాభిప్రాయం. పని చదువు కావాలంటే పిల్లవాడు మొదట ఏం చేయాలో తానే ఆలోచించాలి, ఎలా చేయాలో పథకం వేసుకోవాలి, చేయాలి, చేశాక తన పనిని తానే నిష్పక్షపాతంగా తూచుకోవాలి. పైగా ఆ పని తనొక్కడి లాభం కోసం కాక నలుగురి కోసం అయినప్పుడే అది శీలాన్ని పెంచుతుంది. దొంగ కూడా చక్కగా పథకం వేసి నైపుణ్యంతో పని చేస్తాడు గదా!

ఈ మాట మా సోమందేపల్లె వంటి మగ్గాల ఊరికి రెండు విధాలా తగులుతుంది. మగ్గం ఇంటి పిల్లవాడికి పోగు తెగితే ముడి వేయడం తెలుసు, ఓపిక తెలుసు. కాని బడిలో ఆ నైపుణ్యానికి విలువ లేదు, తన తండ్రి పని చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. మరోవైపు, బడి మాన్పించి మగ్గం గుంటలో కూర్చోబెట్టిన పిల్లవాడి శ్రమ నయీ తాలీమ్ కాదు. అది బాలకార్మిక వ్యవస్థే. చేతిపనిని గౌరవించడం, పిల్లల చేతులను వాడుకోవడం ఒకటి కావు.

మరి ఆ పథకం ఏమైంది? నిజం చెప్పాలంటే చాలా చోట్ల ప్రాణం పోయి చట్రం మిగిలింది. ఒక తరం పెద్దలు బేసిక్ స్కూళ్లలో తకిలీతో నూలు వడికిన సంగతి చెబుతారు. ఎందుకు వడుకుతున్నామో వారిలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఉపాధ్యాయునికి శిక్షణ లేదు, నమ్మకం లేదు. తల్లిదండ్రులేమో, పట్నం పిల్లలకు ఇంగ్లీషు, మా పిల్లలకు కదురా అని అడిగారు. అందులో న్యాయం లేకపోలేదు. 1964-66 కొఠారీ కమిషన్ దీన్ని పని అనుభవంగా మార్చింది. 1977లో అది సాంఘిక ప్రయోజనం గల ఉత్పాదక పని అయింది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు సంచీ లేని పది రోజులు కేటాయించి స్థానిక చేతివృత్తులవారి దగ్గరకు పంపమంటోంది. పేరు మారినప్పుడల్లా అడగవలసిన ప్రశ్న మాత్రం ఒకటే. ఆ పది రోజుల్లో పిల్లవాడు మగ్గం చూసి ఫోటో దిగి వస్తాడా, నేతగాని పక్కన కూర్చుని ఒక మూర గుడ్డకు ఎంత ఓర్పు కావాలో తెలుసుకుని వస్తాడా?

విద్వేషాల మధ్య

1946 నవంబర్‌లో జామియా రజతోత్సవం జరిగింది. దేశం రగులుతున్న సమయం. జాకిర్ హుసేన్ ఒకే వేదిక మీద ఒకవైపు నెహ్రూ, మౌలానా ఆజాద్‌లను, మరోవైపు జిన్నా, లియాఖత్ అలీ ఖాన్‌లను కూర్చోబెట్టారు. ద్వేషాగ్ని మండుతుంటే పూలతోట ఎలా పెంచగలమని, మానవత్వమే కరువైన చోట మనుషులను ఎలా తయారుచేయగలమని, పిల్లల కోసమైనా ఈ మంట ఆర్పమని ఆ నాయకులనందరినీ వేడుకున్నారు. ఆ మంట ఆరలేదు.

మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన ప్రయాణంలో జలంధర్ రైల్వే స్టేషన్‌లో అల్లరిమూకల చేతికి చిక్కారు. ఒక హిందూ రైల్వే ఉద్యోగి, ఒక సిక్కు సైనికాధికారి అడ్డుపడకపోతే ప్రాణం దక్కేది కాదు. ఢిల్లీ అల్లర్లలో కరోల్‌బాగ్‌లోని జామియా ప్రచురణాలయం మక్తబా జామియా దోపిడీకి, మంటలకు గురైంది. ఏళ్ల శ్రమ బూడిదైంది. జామియా ఉపాధ్యాయులు, విద్యార్థులు మాత్రం శరణార్థి శిబిరాల్లో సేవకు వెళ్లారు. తమ పుస్తకాలు కాల్చినవారి మీద కసి పెంచుకోవడానికి ఆ కుర్రవాళ్లకు కారణం ఉంది. 20 ఏళ్ల తర్బియత్‌కు అది పరీక్ష. వాళ్లు శిబిరాలకు వెళ్లడమే ఫలితం. నైతిక విద్యకు మార్కుల జాబితా కావాలంటే మేము ఇదొక్కటే చూపగలం.

1948లో ఆయనను అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పిలిచారు. 1920లో వదిలి వచ్చిన చోటికే తిరిగి వెళ్లారు. దేశ విభజన తర్వాత ఆ సంస్థ మీద ఎందరికో అనుమానం, అందులోని విద్యార్థులకు భవిష్యత్తు మీద భయం. ఎనిమిదేళ్లు ఓపికగా దాన్ని నిలబెట్టారు. ప్రసంగాల కంటె ముందు తోటలు వేయించారు. పూలంటే, ముఖ్యంగా గులాబీలంటే ఆయనకు పిచ్చి ప్రేమ. 1957లో బీహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి అయ్యారు, 1963లో భారతరత్న అందుకున్నారు. 1967 మే 13న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు.

1969 మే 3న రాష్ట్రపతి భవనంలోనే ఆయన కన్నుమూశారు. పదవిలో ఉండగా మరణించిన తొలి రాష్ట్రపతి ఆయనే. ఆయన పార్థివ దేహాన్ని ఓఖ్లాకు తీసుకువెళ్లి జామియా ప్రాంగణంలో ఖననం చేశారు. జామియా 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. దాని గ్రంథాలయానికి ఆయన పేరే పెట్టారు. ఆ ప్రాంగణంలోని బడికి ఇప్పటికీ పిల్లలు వెళుతూనే ఉన్నారు.